పిట్టలు లేని పొలంలో ఒక మూల

బాపూ,

ఎలా ఉన్నావు? నువ్వు పోయాక రెండు పంటలు ఇంటికొచ్చాయి. వానకాలం వడ్లు, మొన్న యాసంగి వడ్లు. అంటే ఏడాది దాటిపోయింది…

నిజామాబాద్‌లో మేమంతా బాగానే ఉన్నాం. నీ కుర్చీ ఇంకా టీవీకి ఎదురుగానే ఉంది. నీ అల్లుడు అప్పుడప్పుడు అందులో కూర్చుంటాడు. నేను ఒక చూపు చూస్తే లేచి పోయి సోఫాలో కూర్చుంటాడు పాపం.

ముందు నువ్వు అడిగేది సీరియల్ సంగతే కదా? నువ్వు పోయేనాటికి ఆ ఇంట్లో పెళ్ళి జరుగుతోంది. ఇప్పటికీ జరుగుతూనే ఉంది. పెళ్ళికూతురికి మధ్యలో ఒకసారి మతి పోయింది, మళ్ళీ వచ్చింది, పట్టుచీర మాత్రం నలగలేదు. నువ్వు అనుమానపడ్డ చిన్నాయనే దొంగ అని తేలింది. "గాయన నవ్వు సూడు, పాలల్ల నీళ్లు గలిపేటోని నవ్వు" అనేవాడివి. ఎట్లా కనిపెట్టావు బాపూ? నాకేమో ఆయన చాలా మంచివాడిలా కనిపించేవాడు.

వార్తల్లో కొత్తేమీ లేదు. ఒక బల్ల చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని ఒకేసారి మాట్లాడుతున్నారు. అందరూ చెప్పేటోళ్లే అయితే ఇనేటోడెవడు అని నువ్వు విసుక్కునేవాడివి… ఇప్పుడు ఆ విసుగు నాకు అంటుకుంది. ఎప్పుడో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ తెరుస్తారని మళ్ళీ చెప్పారు. చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడి విన్నాను. నీ మాటే గుర్తొచ్చింది. "తెరిస్తే టీవీ ఎందుకు చెప్పాలె బిడ్డా, పొగగొట్టం చెప్పదా?"

అసలు సంగతి ఇది కాదు. ఎట్లా చెప్పాలో తెలియక చుట్టూ తిరుగుతున్నాను.

నీ పొలం పోతోంది బాపూ.

ఊళ్లో పొలం కాదు, కంగారు పడకు. నీ ఫోనులో పొలం. ఆ ఆటను నడిపే కంపెనీ వాళ్లు ఆట మూసేస్తున్నారట. నీ ఫోను తెరవగానే ఆ ముక్క వచ్చింది. రేపటితో ఆఖరు.

మోకాలి ఆపరేషన్ అయి నువ్వు మా ఇంట్లో మంచం మీద ఉన్నప్పుడు పొద్దుపోక గోడల మీద కోపం తీర్చుకుంటుంటే, నేనే ఆ వ్యవసాయం ఆట పెట్టిచ్చాను. మొదటిరోజు ఎన్ని వంకలు పెట్టావు! "గిండ్ల వాన ఎప్పుడు పడ్తది?" అన్నావు. అడవిపందులు రాని చేను ఎక్కడైనా ఉంటుందా అన్నావు. పొద్దున నాటిన చెరుకు మాపటికి కోతకొస్తే, అది చెరుకు కాదు మాయ అని తేల్చేశావు. అయినా ఫోను మాత్రం దింపలేదు. నీ చెరుకు మోసుకుపోయే ఆ బొమ్మ మిల్లు ఒక్కరోజు కూడా ఆగేది కాదు. దాని పొగగొట్టం చూస్తూ నవ్వుకునేవాడివి. "గీ ఫ్యాక్టరీ మేనేజరు ఎవడోగని మంచోడున్నడు."

నువ్వు పోయాక ఆ సేద్యం నేనే చేస్తున్నాను. అన్నం ఉడికేలోపు కోసి, మళ్ళీ నాటి వస్తాను. ఎందుకంటే ఏం చెప్పను? నీ చేత్తో మొదలైంది కదా, ఎండిపోతే చూడలేను. మూసేస్తారని చదివిన రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. నువ్వు రెండోసారి పోతున్నట్టు అనిపించింది.

ఒక్కటే నాకు అంతుపట్టేది కాదు. పొలమంతా కోసి, ఒక మూల నాలుగు వరుసల మక్కజొన్న ఎప్పుడూ వదిలేసేవాడివి. కన్ను ఆనలేదేమో అనుకుని ఒకసారి నేనే కోసిపెట్టాను. నువ్వు కళ్లద్దాలు పైకి జరుపుకుని నన్ను చూశావు. "కోసుడు అందరికొస్తది బిడ్డా, ఇడుసుడే రాదు" అన్నావు. మళ్ళీ నాటి, మళ్ళీ వదిలేశావు. ముసలితనం చాదస్తం అనుకున్నాను. నువ్వు లేకపోయాక ఆ మూల కూడా కోస్తూ వచ్చాను.

మొన్న యాసంగి కోతలకు ఊరికి పోయాను. చిన్నప్పుడే హాస్టల్‌లో వేశావు కదా, నేను కోత దగ్గరుండి చూసింది ఎప్పుడు? వరికోత మిషన్ వచ్చింది. పొలమంతా తిరిగి, తూర్పు మూలకు వస్తుంటే అన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. ఆ కాస్తా అట్లాగే నిలబడింది. ఎందుకన్నా అంటే, నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు చూశాడు. అది పిట్టల భాగమట. నువ్వు పొలం అప్పజెప్పేటప్పుడు అన్నకు చెప్పిన మొదటి మాట అదేనట.

మేము ఇంకా గట్టు దిగనేలేదు, పిచ్చుకలు వచ్చి వాలాయి.

కానీ బాపూ, నీ ఫోను పొలంలో పిట్టలే లేవు కదా? కోళ్లున్నాయి, బాతులున్నాయి. ఎగిరే పిట్ట ఒక్కటీ లేదు. అంతా వెతికాను. మరి ఎవరి కోసం వదిలావు? వస్తాయేమో అని ఎదురుచూశావా? వచ్చినా రాకపోయినా వాటి భాగం వాటికి ఉండాలనుకున్నావా?

ఊరి నుంచి రాగానే ఆ మూల మళ్ళీ మక్క పెట్టాను. కోయలేదు.

ఇవాళ పక్క పటేలుకు చెప్పి రావాలనిపించింది. ఆటలో నీ పొరుగు పొలం మనిషికి నువ్వు పెట్టిన పేరే కదా అది! ఏ దేశమో, ఆడో మగో మనకు తెలియదు. ఆ పేరు రాసిన అక్షరాలు నీకూ రాలేదు, నాకూ రాలేదు. నీ బండికి చెరుకు తక్కువైతే వచ్చి నింపిపోయేవారు. నువ్వు పోయి వాళ్ల చెట్లకు నీళ్లు పోసి వచ్చేవాడివి. నేను ఇన్నాళ్లూ అటువైపు పోలేదు.

వాళ్లు గోధుమ వేశారు. ఆఖరు పంట కదా, అంతా కోసేశారు. చేనంతా బోసిగా ఉంది… ఒక మూల తప్ప.

ఆ మూలన నాలుగు వరుసల గోధుమ నిలబడి ఉంది బాపూ. నీది చూసి నేర్చుకున్నారా? వాళ్ల దేశంలోనూ పిట్టలకు వదిలే ఆనవాయితీ ఉందా? ఎవరిని అడగను? ఒకరి భాష ఒకరికి రాదాయె. కానీ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఈసారి ఏడుపు రాలేదు.

రేపు పొద్దున్నే నీ చెరుకు కోసి ఆ మిల్లుకు పంపిస్తాను. నీ మేనేజరుకు ఆఖరి బండి. మక్క మాత్రం ముట్టను. ఆట మూసేటప్పుడు ఆ మూల అట్లాగే నిలబడి ఉంటుంది.

వానకాలం కోతలకు మళ్ళీ ఊరికి పోతాను. ఈసారి అన్న కాదు, మిషన్‌కు చెయ్యి అడ్డం పెట్టేది నేనే.

నీ బిడ్డ,
సుజాత