బందరత్తయ్య అసలు పేరు

1984 అక్టోబరు, ఆదివారం రాత్రి. ఐసెలిన్, అమెరికా.

నేను చెబుతున్నాను, కోడలు పద్మ రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

మనవరాలు శైలూ గెలిచింది. కాలేజీలో అది చరిత్రే చదువుతుంది. యూరప్‌లో తరతరాలుగా ఏలిన డ్యూకుల పెళ్లాల మీద రాస్తుందట. పుస్తకాల్లో చాలామందికి సొంత పేరే కనపడదట, ఫలానా ఊరి పిల్ల అని మాత్రం ఉంటుందట.

వారం నుంచి నా కొడుకు మూర్తిది ఒకటే గోల. "చచ్చిపోయిన డచెస్‌లు ఎవరికి కావాలి? కంప్యూటర్స్ తీసుకో, లేదా కాలేజీ మానెయ్" అంటాడు. పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు.

ఇవాళ భోజనాల దగ్గర నేనే కదిపాను.

"ఒరేయ్, నిన్ను పెంచిన బందరత్తయ్య అసలు పేరేంట్రా?"

"బందరత్తయ్యే కదమ్మా."

"బందరు ఊరి పేరురా, మొద్దూ! ఆవిడ పేరు చెప్పు."

వాడు ముద్ద కంచంలో పెట్టేసి, సాయం కోసం పద్మ వైపు చూశాడు. శైలూ కిసుక్కున నవ్వింది.

"డాడ్, సేమ్ ప్రాబ్లం!"

వాడు దాన్ని చూసి, "సరే, అదే చదువుకో" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "అమ్మా, అత్తయ్య పేరేంటి?"

"కనకరత్నం."

వాడి కళ్లు చెమర్చాయి. పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంది. నా గుండెల మీద కుంపటి దిగింది.

ఒక్కటే దిగులు. ఈ ఇంట్లో నేను మామ్మని, వీధిలో ఆంటీని...

పద్మా, కింద అత్తగారు అని పెట్టకు. సూరమ్మ అని రాయి.