ఉగాదికి కోసిన కాయలు

మార్చి 17, 2026. మంగళవారం. కిరండూల్.

చేసినవి: గిన్నెలు తోమడం, రెండు గదులు రెండుసార్లు తుడవడం, దుప్పట్లు మూడు, కర్టెన్లు నాలుగు ఉతకడం. రెండోసారి తుడిచినా బకెట్లో నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఇనుపరాయి దుమ్ము. ఇక్కడ శుభ్రమంటే కాస్త తక్కువ ఎరుపేనే కల్యాణీ అని ఉమ నవ్వింది.

నిన్న విశాఖ రైల్లో వచ్చాను. ఉమామహేశ్వరి నా చిన్ననాటి స్నేహితురాలు. పెళ్ళై ఈ గనుల టౌన్‌షిప్‌కి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. నేను రావడం ఇదే మొదలు. వాళ్ళాయన చక్రధరరావు గారు పోయి ఏడాది కావస్తోంది. ఏప్రిల్ నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చేయాలి. విజయనగరంలో మా మేడ మీద వాటాకి సున్నం వేయించి ఉంచాను. 22కి రెండు టికెట్లు తీశాను. ఉమ వస్తాననలేదు. రాననీ అనలేదు.

మార్చి 18.

ఉమతో బజారుకి వెళ్ళాను. కూరల దగ్గర హిందీ, ఆకుల కట్టలమ్మే ముసలామెతో గోండీ. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి మాట వెతుక్కుంటోంది. పరాయి దేశంలో దిగినట్టుంది నాకు. ఆమెకి కాదు.

సాయంత్రం గంగే అనే ఆమె వచ్చింది. పుట్టిల్లు సరిహద్దులో పామేడు వైపు కాబట్టి తెలుగు వస్తుంది. అత్తవారిది ఈ కొండ కింద పల్లె. ఒకప్పుడు ఇక్కడ పనికి వచ్చేది. ఇప్పుడు ఊరికే వస్తుంది, ఉమ మంచం మీదే కూర్చుంటుంది. ఏంది అక్కా, మా దీదీని మూటగట్టుకపోనీకి వచ్చినవా అంది. అవునన్నాను. నా పుస్తకం చూసి, ఇంట్ల అన్నీ రాస్తవంట గదా, ఆమె ఎన్ని ముద్దలు తిన్నదో గూడ రాస్తవా అంది. ఉమ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 19. ఉగాది.

వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, పెరటి చెట్టు లేత మామిడికాయలు ఆరు. ఉమ స్నానానికి వెళ్ళినప్పుడు నేనే కోశాను. పచ్చడి మూడు గిన్నెల్లో పోశాను. గంగే గుమ్మంలోనే మామిడి తొక్కలు చూసి అక్కడే కూర్చుండిపోయింది. ఉమ గిన్నె పట్టుకుంది గాని నోట్లో పెట్టలేదు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి రెండోసారి అడిగి మరీ తినేదానివి కదే అన్నాను. పండుం కాలేదు అంది. అంతే.

పండుం అంటే గంగే వాళ్ళ పండుగట. కొత్త మామిడికాయ ముందు ఊరి తల్లికి పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ కోయరు, తినరు. ఇది ఉమ పెరటి చెట్టు కదా అన్నాను. చెట్టు దీదీదే అక్కా, భూమి ఎవరిది అంది గంగే.

పచ్చడి మొత్తం నేనే తిన్నాను. మూడు గిన్నెలూ.

మార్చి 20.

ఉమ చెప్పింది. నిరుడు పండుంకి ముందు చక్రధరరావు గారు సరదాకి ఓ కాయ కొరికారట. గంగే వద్దంటున్నా. పదో రోజున డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవారు లేవలేదు. గుండె. దీన్ని నమ్ముతున్నావా అని అడిగాను. తెలీదే అంది. మన వాళ్ళు ఫోన్లలో ఎన్నో అన్నారట, ముందే డాక్టరుకి చూపించాల్సింది అని. ఆ పల్లెలో ఒక్కరూ కాయ మాట ఎత్తలేదట. పండుం రోజున ఆయన పేరు చెప్పి గంగే వాళ్ళే ఊరి తల్లికి కోడిని ఇచ్చి, ఆయన తప్పు తీర్చారట. ఆ సంగతి ఉమకి మూడు నెలల తర్వాత తెలిసింది.

ఇలాంటి వాళ్ళని వదిలి ఎలా రానే అని అడిగింది. మేడ మీద వాటాకి గాలి బాగా వస్తుందని చెప్పాను.

మార్చి 21.

రెండు టికెట్లూ క్యాన్సిల్ చేశాను.

మార్చి 29.

ఉమ బజారు వీధిలో ఒక గది అద్దెకి మాట్లాడింది. కుట్టుమిషన్ అక్కడికి చేర్చాం. గది రెండుసార్లు కడిగాను. ఎరుపు పోలేదు. వదిలేశాను.

ఇంటి నుంచి మా ఆయన ఫోన్. ఆవాలెక్కడున్నాయట. మూడో అర, రెండో డబ్బా. ఎప్పుడొస్తావన్నారు. ఇక్కడ ఒక పండుగ ఉంది, అది అయ్యాక అన్నాను. మన ఉగాది అయిపోయిందిగా అన్నారు. అయిపోలేదన్నాను.

ఏప్రిల్ 4. పండుం.

ఉమా నేనూ గంగే వాళ్ళ పల్లెకి నడిచి వెళ్ళాం. నా తప్పుకి ఇచ్చే కోడిని నేనే పట్టుకున్నాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంది. పూజారి నా పేరు, ఊరు అడిగాడు. విజయనగరం అతని నోట తిరగలేదు. ఎన్ని కాయలని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆరు అంది గంగే. తొక్కలు ఎంచిందట. లెక్క నీకే వస్తదనుకుంటివా అక్కా అంది.

ఎవరూ నాకు బుద్ధి చెప్పలేదు. ఆకులో మామిడి ముక్క పెట్టారు. పుల్లగా ఉంది. ఉమ కూడా తింది. చక్రధరరావు గారి పేరున ఒక ఆకు విడిగా పెట్టారు. ఉమ ఆ ఆకు అంచు సరిచేసింది. తర్వాత లేచి, వడ్డించే ఆడవాళ్ళలో కలిసింది. పిలవలేదు నేను.

ఏప్రిల్ 5. రైల్లో.

టికెట్టు ఒకటి. చీర అంచు ఎర్రగా ఉంది.

కాయలు ఆరు. చెల్లు.