చెప్పుల్లో కురుత్

బిష్కెక్, శుక్రవారం

అమ్మా,
నేను బాగున్నాను, నా ఆన్‌లైన్ కొట్టు పరువే మంటగలిసింది. మాస్కో లారిసా గారికి నువ్వు నేరుగా పోస్టు చేసిన ఉన్ని చెప్పుల్లో కురుత్ కుక్కావట! పరాయింటికి ఏదీ వట్టిగా పంపకూడదన్నది మన ఆచారం, నిజమే. నాకో మాట చెప్పొద్దూ? ఆవిడ ఫోటో తీసి, "బరువు కోసం తెల్లరాళ్లు వేశారు, ఈ పిల్లని నమ్మకండి" అని నా పేజీలో అందరూ చూసేలా రాసింది. ఒళ్లు మండి ఫోన్ చేశాను. "అవి రాళ్లు కావండీ, మా అమ్మ ఎండబెట్టిన పెరుగు ఉండలు. ఒకటి నోట్లో వేసుకుని అప్పుడు తిట్టండి" అన్నాను. వేసుకుంది. "ఉప్పగా, పుల్లగా భలే ఉన్నాయి" అని రాత మార్చింది.

అది చదివి నిన్న కజాన్ నుంచి ఇంకొకావిడ తగులుకుంది: "ఆమెకి ఉండలు, నాకు వట్టి చెప్పులా? ఇదేం మోసం?" ఆ జత ఇక్కణ్ణుంచి నేను పంపింది.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నల్ల గొర్రె ఈనిందా? ఎర్రంచు చెప్పులు తొందరగా కుట్టు. అవ్వకి నా దండాలు.

అయినా అమ్మా, ముక్కూమొహం తెలియనివాళ్లకి చెప్పుల నిండా కురుత్ పంపావే, కన్నకూతురికి ఈ ఏడు ఒక్క ఉండైనా పంపావా?

నీ బేగాయిమ్