నల్ల డబ్బా

సోబ్రాల్, పోర్చుగల్,
19 నవంబరు 1996.

జెర్మానో అన్నయ్యకి,

లీనా రాస్తున్నాను. ఇక్కడ అందరం తిండికీ నిద్రకీ లోటు లేకుండా ఉన్నాం. అక్కడ నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. లక్సెంబర్గులో ఈసారి చలి ముందే దిగిందని రేడియోలో చెప్పారు. అమ్మ అల్లిన మేజోళ్ళు వేసుకో, పెట్టెలో దాచకు.

ఈ ఉదయం నాన్న కాఫీ గిన్నె ఎత్తినప్పుడు ఆయన బొటనవేలికి నీలం సిరా కనిపించింది. నా గోళ్ళ కింద గ్రీజు, ఆయన వేలికి సిరా. ఈ ఇంట్లో చేతులు తారుమారయ్యాయనుకున్నాను. ఏమిటని అడగలేదు. ఆయన నాతో మాట్లాడి తొమ్మిది రోజులైంది. ఎందుకో చెబుతాను, కానీ ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

అమ్మ మోకాలు నయం. చర్చికి నడిచి వెళ్తోంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది. నొప్పి వల్ల అంటుంది. కబుర్ల వల్ల అని నేనంటాను.

మన పాత డీజిల్ బండి నిజంగా నడుస్తోందా, లేక నన్ను సంతోషపెట్టడానికి రాశావా అన్నావు. నడుస్తోంది. ఆగస్టులో పాకలోంచి బయటికి లాగినప్పుడు నువ్వు చూసి ఉంటే నమ్మేవాడివి కాదు. డ్రైవరు సీటు కింద కోళ్ళు పదకొండేళ్ళుగా సంసారం చేస్తున్నాయి. క్లచ్ దగ్గర నేల రేకు తుప్పు తినేసి, కాలు పెడితే మట్టి తగిలేది. నాకు పానా ఎటువైపు తిప్పాలో కూడా తెలియదు. వచ్చిందల్లా చదవడం. సరిహద్దు అవతల జమోరాలో ఒక పాత పుస్తకాల కొట్టులో ఆ బండి రిపేరు పుస్తకం దొరికింది, స్పానిష్‌లో. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన లాటిన్ మొదటిసారి అక్కరకొచ్చింది.

పుస్తకం విప్పమన్న మొదటి బోల్టే విరిగింది. అప్పుడు బెలార్మినో మామ దగ్గరికి వెళ్ళాను. ట్రాక్టర్ల షెడ్డు మూసేశాడు. చేతులు వణుకుతాయి, పానా నిలవదు. పుస్తకం చూపిస్తే కాసేపు పేజీలు తిప్పి, "ఇందులో బోల్టులకి తుప్పు పట్టదమ్మా" అని మూసి ఇచ్చాడు. మర్నాటి నుంచి రోజూ వచ్చి బోర్లించిన బుట్ట మీద కూర్చుంటాడు. ఆయన చెబుతాడు, నేను చేస్తాను. పట్టేసిన బోల్టు మీద డీజిల్ పోసి ఒక రాత్రి వదిలెయ్యాలని, తిప్పే ముందు సుత్తితో మెల్లగా కొట్టాలని, బలం చూపిస్తే విరుగుతుందని ఆయనే నేర్పాడు. నేను బోల్టు మీద మొరటుగా పడ్డప్పుడల్లా, "దాన్ని తిట్టకు, బతిమాలు" అంటాడు.

డీజిల్ పంపు లోపలంతా గీతలు పడి బిగిసిపోయింది. బ్రగన్సా తుక్కు యార్డులో అదే మోడలుది ఇంకోటి దొరికింది. బిగించేటప్పుడు గేరు పన్ను ఒక్కటి తప్పుగా పడింది. అది నాకు తెలియలేదు. స్టార్టు చేస్తే వీధి నిండా తెల్లపొగ. అబీలియో కాఫీ హోటల్లోంచి పేకాట వాళ్ళంతా బయటికొచ్చారు. "సిస్టరమ్మా, రోములో వదిలినట్టు తెల్లపొగ వదిలావు, కొత్త పోప్‌గారు ఎన్నికయ్యారా?" అని అబీలియో అరిచాడు. కాన్వెంటులో చదివినందుకు వాళ్ళు నాకు పెట్టిన పేరు అది. నవ్వులు ఆగేదాకా బానెట్ కింద తల పెట్టుకుని ఉన్నాను. తర్వాత పంపు మళ్ళీ విప్పాను. నాలుగు రోజులు పట్టింది. రెండోసారి స్టార్టయినప్పుడు చూడ్డానికి ఎవరూ రాలేదు. నాకదే నయమనిపించింది.

ఉన్నది ఉన్నట్టు బాగుచేసి ఊరుకోలేదు. వెనక కమాన్లకి రెండేసి పట్టీలు ఎక్కువ వేశాను, చెస్ట్‌నట్ బస్తాలకి ఇక బండి కుంగదు. కాన్వెంటు మూసేసినప్పుడు హాస్టలు ఇనప మంచాలు బయట పడేశారు, ఆరు తెచ్చాను. అవే ఇప్పుడు తొట్టి చుట్టూ కటకటాలు. వాటిలో ఒకటి నా మంచమే. సెలవులకి ఇంకా ఎన్ని రోజులో తలవైపు పట్టీ మీద సూదితో గీసుకున్న గీతలు అలాగే ఉన్నాయి. వెల్డింగు నేనే చేశాను. అతుకులు పిచ్చుక రెట్టల్లా ఉన్నాయన్నాడు బెలార్మినో మామ. ఉండనీ, ఊడలేదు.

నాన్న నీ పేరెత్తుతాడా అని అడిగావు. ఎత్తడు. బండి పేరు కూడా ఎత్తేవాడు కాదు. దాన్ని ముట్టుకోవద్దని ఆగస్టులోనే అన్నాడు. నేను విననట్టు పని చేసుకున్నాను. అక్టోబరులో ఒక రోజు స్కూలు ఆఫీసు నుంచి వచ్చేసరికి తుక్కువాడి లారీ వాకిట్లో ఉంది, బండికి గొలుసు కట్టేస్తున్నారు. నేను వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు లోపల గడియ వేసుకున్నాను.

"దిగు" అన్నాడు నాన్న.

"దిగను."

"ఎవరు నేర్పారే నీకీ మొండితనం?"

"మీరే."

తుక్కువాడు నవ్వు ఆపుకోలేకపోయాడు, అందుకే నాన్నకి ఇంకా కోపం వచ్చింది. అలా రెండు గంటలు కూర్చున్నాను. సంచిలో నవల ఉంది, యాభై పేజీలు చదివాను. వాడికి వేరే ఊళ్ళో పని ఉంది, గొలుసు విప్పుకుని పోయాడు. నాన్నకి ఎదురు చెప్పడం నాకదే మొదటిసారి.

ఇక మిగిలింది నీ చివరి ప్రశ్న. ఊళ్ళో ఇన్ని పనులుండగా నీకెందుకే ఈ బండి గోల, అన్నావు. దాని కిందే ఇంకో మాట రాశావు. బండి చెడిన ఆ పొద్దున చీకట్లో పెట్రోలున్న నీలం డబ్బానే తీశానేమో, నాన్న అన్నదే నిజమేమో, ముప్పై ఏళ్ళొచ్చాయి, ఒప్పేసుకుంటే క్రిస్మస్‌కి ఇంటికి రావచ్చు అని. నీ ఉత్తరం ఏడో తేదీ గురువారం వచ్చింది. అది చదివాక మూడు రోజులు పానా ముట్టుకోలేదు.

ఒప్పుకోకు అన్నయ్యా. నువ్వు తీసింది నల్ల డబ్బానే.

అందులో ఉన్నదే తప్పు. దాన్ని నింపుకొచ్చింది నేను. పదకొండేళ్ళ కిందట, మార్టిన్ పండగ సంతకి ముందురోజు సాయంత్రం అమ్మ నన్ను డీజిలు తెమ్మని హోటలు ముందున్న అబీలియో పంపు దగ్గరికి పంపింది. నాకు పన్నెండేళ్ళు. కాన్వెంటు నుంచి సెలవులకి వచ్చి రెండు రోజులైంది. పంపు దగ్గర ఏడెనిమిది మంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరు పెట్టారో ఈ పేర్లు, డీజిలుకి గజోలియో, పెట్రోలుకి గజోలీనా. సగం దాకా ఒకటే మాట. నేను "గజో" అన్నాను. మిగతాది గొంతులోనే ఉండిపోయింది. అబీలియో చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ, లీనాకి గజోలీనానా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. కాదు అనాలంటే మళ్ళీ నోరు తెరవాలి. తలూపాను.

ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను, అమ్మకి చెబుదామని. రాత్రి చెబుదామనుకున్నాను. పొద్దున చెబుదామనుకున్నాను. నేను లేచేసరికి నువ్వు పోసేశావు, నాన్న తొందరపెడుతున్నాడు. నీకు జలుబు, వాసన తెలియలేదు. పెట్రోలు పడ్డ డీజిల్ బండి కొండ ఎక్కుతూ టకటకలాడి సగంలో ఆగిపోయింది, మళ్ళీ నడవలేదు.

తర్వాతిది నీకు తెలుసు, కానీ నేను నిలబడ్డ చోటు నుంచి తెలియదు. సంత మైదానంలో, అబీలియో హోటలు ముందు, ఊరందరి ఎదుట నాన్న నన్ను పిలిచి అడిగాడు, నల్ల డబ్బాలో ఏం పోయించుకొచ్చావని. "గజోలియో" అన్నాను. ముందురోజు గొంతులో ఇరుక్కున్న మాట అప్పుడు పూర్తిగా, ఒక్క అక్షరం పోకుండా వచ్చింది. అబీలియో వింటూనే ఉన్నాడు, ఆయనకి గుర్తుకూడా రాలేదు. మోటారు రంపానికి ఉంచిన నీలం డబ్బా పెట్రోలు పోసి, నల్లది ఎక్కడో పారబోసి బొంకుతున్నావని నాన్న నిన్ను అన్నాడు. అబద్ధాలకోరుకి నా ఇంట్లో చోటు లేదన్నాడు. నువ్వు నావైపు చూశావు, నేను నా చెప్పుల వైపు చూశాను. ఆ వారమే నువ్వు వెళ్ళిపోయావు.

పన్నెండేళ్ళ పిల్లనని చెప్పుకోను. పదమూడేళ్ళకి చెప్పొచ్చు, ఇరవైకి చెప్పొచ్చు. ఏటా పాప సంకీర్తనలో ఫాదర్‌కి చెప్పాను. ఆయన జపమాల చెప్పుకోమన్నాడు, చెప్పుకున్నాను. నీకు మాత్రం చెప్పలేదు. క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు. కానీ నాది నువ్వు నీదిగా ఒప్పుకోవడానికి నేను బతికుండగా వీల్లేదు.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు, ఆదివారం పూజ అయ్యాక బండి తీసుకుని అబీలియో పంపు దగ్గరికి వెళ్ళాను. నాన్న బయట బల్ల దగ్గర పేకాడుతున్నాడు. బండి చూసి ముక్కల్లోకి తల దించుకున్నాడు. అబీలియో గొట్టం పట్టుకుని వచ్చి, పదకొండేళ్ళుగా అంటున్న మాటే మళ్ళీ అన్నాడు. "లీనాకి గజోలీనానా?"

నేను దిగి నిలబడ్డాను. "గజోలియో" అన్నాను. అందరూ తలెత్తేంత గట్టిగా.

"అమ్మో, సిస్టరమ్మకి గొంతుంది" అన్నాడు ఎవరో.

"ఆ రోజు కూడా నాకు కావలసింది అదే. మీరు గజోలీనా అన్నారు అబీలియో మామా, నేను సిగ్గుపడి తలూపాను. మా అన్న పోసింది నల్ల డబ్బానే. అబద్ధం ఆడింది నేను."

అబీలియో గొట్టం కిందికి దించాడు. "పోనీలేమ్మా, ఎప్పటి సంగతో. ఇంట్లో మాట్లాడుకోండి" అన్నాడు.

"మా అన్నని అబద్ధాలకోరన్నది ఇంట్లో కాదు, ఇక్కడ. మీరంతా విన్నారు. ఇదీ వినండి."

నాన్న ముక్కలు బోర్లా పెట్టి లేచాడు. ఆ ఆట ఆయనే గెలుస్తున్నాడని తర్వాత తెలిసింది. నా దగ్గర ఆగి, "పదకొండేళ్ళు నా ఎదురుగా కూర్చుని సూపు తాగావు" అన్నాడు. అంతే. నడిచి ఇంటికి పోయాడు. నేను ట్యాంకు నింపించుకుని ఆయన వెనకే మెల్లగా బండి పోనిచ్చాను. ఎక్కమన్నాను, ఎక్కలేదు.

అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు. అమ్మ ఏడ్చింది, తర్వాత రొట్టె కోసి నా పళ్ళెంలో పెద్ద ముక్క వేసింది. నేను తల దించుకోలేదు. నీ చోటు నాకొచ్చింది. రావలసిందే. ఆయన ఎన్నాళ్ళు మాట్లాడకపోతే అన్నాళ్ళూ రోజూ ఎదురుగానే కూర్చుని సూపు తాగుతాను.

బండికి శుక్రవారం తనిఖీ అయింది, పాసయింది. ట్యాంకు మూత చుట్టూ ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో "గజోలియో" అని రాశాను. ఇక దాన్ని సగంలో మింగేసే వీలు లేదు. క్రిస్మస్‌కి వస్తే తల ఎత్తుకుని రా, లేదా రాకు. నువ్వు రాకపోతే నేనే వస్తాను, కాన్వెంటు మంచాలతో సహా, దారిలో ఎంత పొగ వచ్చినా సరే. తాళం చెవి నీకిస్తాను. మొదట నడపవలసినవాడివి నువ్వు.

ఇట్లు,
ఆ మాట ఇప్పుడు పూర్తిగా పలకగలిగిన
నీ చెల్లెలు,
లీనా.

తా.క. నిన్న రాత్రి ఖాళీ కవరు బల్ల మీద పెట్టి పడుకున్నాను. దాని మీద నీ పేరూ అడ్రసూ రాసింది నాన్న.