చక్రానికి ఐదు నట్లు

1981 ఆగస్టు 2, ఆదివారం

నిన్న సాయంత్రం మాంగో వంతెన దాటగానే నారాయణమూర్తి స్కూటర్ పడిపోయింది. ముందు చక్రం ఊగిపోయి బండి పక్కకి లాగేసిందట. అతనికి మోకాలు గీరుకుంది. వెనక కూర్చున్న భార్య కస్తూరమ్మకి కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు.

పొద్దున వెళ్ళి చూసొచ్చాను. అతను టాటానగర్ స్టేషన్లో బుకింగ్ క్లర్కు. మా బిర్సానగర్‌లోనే మూడు సందుల అవతల అద్దెకుంటున్నాడు. చుట్టం కాడు గానీ ఇద్దరూ నన్ను బాబాయ్ అంటారు. కస్తూరమ్మ జాకెట్లు కుడుతుంది. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళందరూ ఆమె దగ్గరికే వెళ్తారు. విరిగింది కుడి చెయ్యి.

ఆ చక్రం బిగించింది నేను. పది రోజుల క్రితం పంక్చర్ వేసి నేనే ఎక్కించాను.

ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నారాయణమూర్తి రోడ్డు మీద గుంత ఉందన్నాడు. అతని అత్తగారు సింహాచలమ్మ అయితే తప్పంతా అల్లుడిదేనని తేల్చేసింది. పోయిన ఏడు విశ్వకర్మ పూజ మర్నాడు డూటీ ఉందని బండిని నా దగ్గరికి తేలేదట. బీమారావు సెయ్యి పడనేదు, అందుకే ఇలగయింది, మరెందుకవుద్ది అంది. అతను తల దించుకుని ఒప్పుకున్నాడు. నా ముందే.

నేను వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఆగస్టు 3

వాళ్ళ వరండాలో బండి చూశాను. ముందు చక్రానికి ఐదు నట్లు. మూడు లేవు. మిగిలిన రెండూ వేళ్ళతో తిప్పితేనే ఊడొచ్చాయి.

ఆగస్టు 5, బుధవారం. మధ్యాహ్నం బి షిఫ్టుకి ముందు

ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు అన్నం దిగదు. నా కుడి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్ళు మొద్దుబారి ఏడాదిన్నర అయింది. ఇరవై రెండేళ్ళు కార్ఖానాలో ఇనుము చెక్కే చిప్పింగ్ హామరూ గ్రైండరూ పట్టాను. ఆ అదురు ఎముకల్లోకి దిగిపోయింది. కంపెనీ డాక్టరుకి చెబితే ఫిట్టరు పని తీసేస్తారు. అందుకే చెప్పలేదు. సన్యాసమ్మకీ చెప్పలేదు. పెళ్ళానికి చెప్పకుండా దాచుకోడానికి ఇదేమన్నా చీటీ డబ్బా?

ఇక్కడ నాకో పేరుంది. భీమారావు బిగించింది మళ్ళీ భీమారావే విప్పాలంటారు. షిఫ్టు అయ్యాక మా వరండాలో స్కూటర్లు బాగుచేస్తాను. విశ్వకర్మ పూజ రోజు ఎవరూ పనిముట్టు ముట్టరు. మర్నాడు పొద్దున్నే వాటిని మళ్ళీ పనికి లేపేది నేను. పదకొండేళ్ళుగా మనవాళ్ళు స్కూటర్లు, సైకిళ్ళు తెచ్చి మా గుమ్మం ముందు నిలబెడతారు. ఒక్కో బండికి ఒక్కో నట్టు నా చేత్తో బిగిస్తాను. దాన్ని తొలి బిగింపు అంటారు. ఇక ఏడాదంతా ఆ బండికి ఏ ఢోకా ఉండదని నమ్మకం. ఒక కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి వెళ్తారు.

వాళ్ళు నమ్మడంలో తప్పు లేదు. నేనూ నమ్మేశాను. పానా పట్టుకుంటే చాలు, నట్టు ఇక చాలు అని నాతో చెబుతుందనుకున్నాను. ఏడాదిన్నరగా అది చెప్పేది నాకు వినపడటం లేదు. అయినా వినపడినట్టే తిప్పుతున్నాను.

ఆగస్టు 9, ఆదివారం

పాత పేపర్లవాడిని బతిమాలి స్ప్రింగు త్రాసు తెచ్చాను. లెక్క సులువే. అడుగు పొడవు పానా చివర తొమ్మిది కిలోలు లాగితే ఇరవై పౌండ్ల బిగింపు. మాన్యువల్లో ఆ చక్రం నట్లకి రాసింది అదే.

ముందు నా చేత్తో బిగించి, ఇక చాలు అనిపించాక త్రాసు తగిలించి లాగాను. నట్టు ఎక్కడ కదిలితే అదీ నా బిగింపు. మొదటిసారి నాలుగు కిలోలకే కదిలింది. రెండోసారి పదమూడు. మూడోసారి ఐదు. మూడుసార్లూ చెయ్యి ఒకేలా ఉందని ప్రమాణం చేసి చెప్పేవాడిని.

కాసేపు గట్టు మీద కూర్చుండిపోయాను. భయం వేసింది. ఈ ఏడాదిన్నరలో ఎన్ని చక్రాలు!

ఆగస్టు 10

గుర్తున్న బండ్లన్నీ పిలిపించాను. ఊరికే చూస్తానని చెప్పి, త్రాసు కట్టి మళ్ళీ బిగించాను. పదిహేడు బండ్లు. ఎంత శ్రద్ధో అన్నారు. పొగిడారు.

ఆగస్టు 12

త్రాసుతో రోజూ పని జరగదు. నిటారుగా లాగాలి, రెండు చేతులూ దానికే కావాలి, మడ్‌గార్డు కింద అది పట్టదు. ఎంత బిగిసిందో చెప్పే టార్క్ రెంచ్ కొనాలి.

ఆగస్టు 14, శుక్రవారం

బిష్టుపూర్లో పెద్ద షాపుకి వెళ్ళాను. విదేశీది, నల్ల పెట్టెలో వెల్వెట్టు గుడ్డ మీద పడుకోబెట్టి ఉంది. పిడి తిప్పి ఎంత కావాలో పెట్టుకుంటే, అంత బిగింపు రాగానే టక్కుమంటుంది. ధర తొమ్మిది వందల నలభై. నా నెల జీతం. షాపతను నా చేతుల వంక చూసి, మీలాంటి పాత మిస్త్రీకి ఇదెందుకు అని హిందీలో అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

అక్కడి నుంచి జుగ్సలాయ్ పాత ఇనుము దుకాణాలకి. అదే రకం, సెకండ్ హ్యాండుది, రెండు వందల అరవై. కొనేద్దామనుకున్నాను. దుకాణంవాడు బల్లకి బిగించిన వైస్‌లో ఒక బోల్టు పెట్టి లాగి చూసుకోమన్నాడు. లాగాను. ఆగు, ఆగు అని అరిచాడు. ఎప్పుడో టక్కుమందట. నేను దాటించేశాను. ఆ సందులో సమ్మెట మోతకి చెవికి వినపడలేదు. అరచేతికి తెలియాల్సింది తెలియలేదు.

చేతితో చెప్పే పనిముట్టు నాకు పనికిరాదు. కంటికి చెప్పేది కావాలి.

ఆగస్టు 16, ఆదివారం

సన్యాసమ్మ కాచిన టీ గ్లాసు పట్టుకుని పేపరు చదువుతున్నాను. ఆమె వచ్చి గ్లాసు లాగేసింది. బొటనవేలు మీద బొబ్బ. నాకు తెలియనే లేదు.

ఆమె అరవలేదు. కొబ్బరి నూనె రాసింది. నాకు తెల్దనుకున్నావేటి మావా, పోయిన సంకురాత్రి నుంచి నువ్వు సొక్కా గుండీలు ఎడంసేత్తో పెట్టుకుంతన్నావు అంది. నూనె సీసాకి మూత పెట్టింది. మరి ఆ పిల్ల సెయ్యో అంది చివరికి.

కస్తూరమ్మ చెయ్యి. ఆమె అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

ఆగస్టు 19

కార్ఖానాలో ఆదిబాబు నా పక్క బెంచీ వాడు. టార్క్ రెంచ్ వెతుకుతున్నానని ఎలా తెలిసిందో, కంపెనీ స్టోర్ నుంచి ఒకటి బయటికి తెత్తాను, ఎవుడికీ తెల్దు అన్నాడు. వద్దన్నాను. దాచుకున్నది ఒకటి చాలు.

ఆగస్టు 23, ఆదివారం

కొన్నాను. సాక్చీలో సర్దార్జీ దుకాణం. నూట పది రూపాయలు. లూథియానాలో చేసిందట. పొడుగాటి కడ్డీ, చివర పిడి, పక్కన సన్నటి ముల్లు, దాని కింద అంకెలున్న పలక. లాగితే కడ్డీ కొంచెం వంగుతుంది, ముల్లు అంకె చూపిస్తుంది. అంతే. టక్కు లేదు, స్ప్రింగు లేదు, పాడవడానికి లోపల ఏమీ లేదు. చూడ్డానికి మోటుగా ఉంటుంది. చీకట్లో పనికిరాదు, వంకరగా చూస్తే అంకె తప్పుతుంది. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి.

ఇంటికొచ్చి త్రాసుతో పక్కాగా చూశాను. అడుగు దూరంలో తొమ్మిది కిలోలు లాగితే ముల్లు ఇరవై మీద నిలబడింది. మూడుసార్లు లాగితే మూడుసార్లూ అక్కడే. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆగస్టు 30

బండి వస్తే చక్రం విప్పడం వరండాలో చేస్తున్నాను. బిగించేటప్పుడు బండిని పెరట్లోకి తోసుకెళ్ళి తలుపు వేస్తున్నాను. అక్కడ ముల్లు చూసి బిగిస్తున్నాను. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుంటే అబ్బ, భీమారావు చెయ్యి అంటున్నారు.

నట్లు సరిగ్గానే ఉన్నాయి. నేనే సరిగ్గా లేను.

సెప్టెంబర్ 6, ఆదివారం

నారాయణమూర్తి వచ్చాడు. స్కూటర్ అమ్మేద్దామంటే అత్తగారు ఊరుకోవడం లేదు, ఎక్కమంటే కస్తూరమ్మ ఎక్కడం లేదు. ఆసుపత్రికి రిక్షాలో తిప్పుతున్నాడు. ఆమె ఇతనితో సరిగ్గా మాట్లాడి నెల దాటింది. నా తప్పే బాబాయ్, డూటీ మార్చుకోడానికి ఎవడో ఒకడు దొరికేవోడు, నానే బద్దకించాను అన్నాడు. ఈసారి పూజ మర్నాడు అందరికన్నా ముందు తన బండే పెడతానన్నాడు. నీ సెయ్యి పడితే మా ఇంటిదీ ఎక్కుతాది అన్నాడు.

నా నోటిదాకా వచ్చింది. టీ తాగమన్నాను.

సెప్టెంబర్ 13

నిన్న కస్తూరమ్మకి కట్టు విప్పారు. చెయ్యి సన్నగా పుల్లలా అయిపోయిందని, సూదిలో దారం ఎక్కించలేక మిషన్ మీద తల పెట్టుకుని కూర్చుందని సన్యాసమ్మ చూసొచ్చి చెప్పింది. చెప్పి, కూర వడ్డించకుండా అలాగే నిలబడింది.

సెప్టెంబర్ 17, గురువారం. విశ్వకర్మ పూజ

పొద్దున కార్ఖానాలో పూజ, సాయంత్రం ఇంట్లో. పానాలు, రింగులు, సుత్తులు కడిగి పీట మీద పేర్చాను. ఆ రెంచ్ పెరట్లోనే ఉంచాను. సన్యాసమ్మ వెళ్ళి తెచ్చి అన్నిటికన్నా పైన పెట్టింది. పలక నిండా సిందూరం రాసింది. అంకెలు కనపడటం లేదు. తుడవకూడదు, ముట్టకూడదు. పూజ అయ్యేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 18, శుక్రవారం

అయిపోయింది.

పొద్దున ఆరున్నరకే పందొమ్మిది బండ్లు వరసగా నిలబడ్డాయి. మొదటిది నారాయణమూర్తిది, కడిగి బంతిపూల దండ వేశాడు. సింహాచలమ్మ కొబ్బరికాయతో వచ్చింది. కస్తూరమ్మ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడింది. తల్లి లాక్కొస్తే వచ్చినట్టుంది.

పనిముట్లు లేపాను. ముందు చక్రం నట్లు, పోయినవాటి బదులు వేసిన కొత్తవి మూడూ కలిపి, ఐదూ వదులు చేశాను. ఒక్కటి బిగిస్తే చాలు గదా అన్నారెవరో. రెంచ్ తీశాను. ఇదేటి బీమారావూ, నీకు బొమ్మ రెంచి ఎందుకు అని ఆదిబాబు నవ్వాడు. అందరూ నవ్వారు.

ఆగస్టు ఒకటిన ఊడిపోయిన నట్లు నేను బిగించినవేనని చెప్పాను. నా కుడి చేతికి స్పర్శ లేదని, ఏడాదిన్నరగా లేదని, త్రాసుతో చూసుకుంటే నాలుగు కిలోలే వచ్చిందని చెప్పాను. నారాయణమూర్తి తప్పేమీ లేదు, పోయిన ఏడు బండి తెచ్చినా ఇలాగే అయ్యేది అన్నాను.  

 నారాయణమూర్తి నన్ను కాదు, తన బండిని చూస్తున్నాడు. సింహాచలమ్మ కొబ్బరికాయని కొంగులో దాచుకుంది.

కస్తూరమ్మ గోడ దగ్గర నుంచే మాట్లాడింది. గట్టిగా ఏమీ అనలేదు. పదేళ్ళ నుంచి కుడతన్నాను బాబాయ్, నీ ఇంటిదాని జాకెట్టు కొలత నాకు నోటికొచ్చు, అయినా టేపు పట్టకుండా ఏనాడూ గుడ్డ మీద కత్తెర పెట్టనేదు అంది. నువ్వు మనుషులెక్కే బండికి కొలత నేకుండా ఎలగ బిగించేసినావు అంది.

రెంచ్ కింద పెట్టాను. 

ఆమె వెళ్ళిపోయింది. నారాయణమూర్తి నట్లు వదులుగానే ఉన్న బండిని తోసుకుంటూ వెనకే వెళ్ళాడు. సందు మలుపులో ఆమె ఆగింది. అతను దగ్గరికి వచ్చేదాకా ఆగింది. తర్వాత ఇద్దరూ కలిసి నడిచారు. అది చూశాను.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే బండ్లు తిప్పుకున్నారు. ఆదిబాబు అన్నిటికన్నా ఆఖర్న వెళ్ళాడు.

సెప్టెంబర్ 20

ఎవరూ రాలేదు. పలక మీద సిందూరం అలాగే ఉంది. తుడవాలనిపించలేదు.

సెప్టెంబర్ 22, మంగళవారం

కంపెనీ డాక్టరుకి చేతులు చూపించాను. సూదితో గుచ్చాడు, రక్తం వచ్చాక చూసుకున్నాను. వచ్చే సోమవారం నుంచి టూల్ రూమ్‌లో కూర్చోమన్నారు. పనిముట్లు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం. ఇరవై రెండేళ్ళ ఫిట్టర్ని. బాధగానే ఉంది, లేదని రాయను.

రాత్రి భోజనం దగ్గర సన్యాసమ్మ నా చొక్కా గుండీలు తనే విప్పింది. ఇక దాచుకోడానికేటీ నేదు గదా, కూకో అంది.

అక్టోబర్ 4

మళ్ళీ ఆదివారం. వరండా ఖాళీ. ఊడ్చాను.

అక్టోబర్ 11, ఆదివారం

నారాయణమూర్తి బండి తోసుకొచ్చాడు. కస్తూరమ్మ పక్కన నడిచింది. రెంచ్ తెమ్మంది. పలక మీద సిందూరాన్ని ఎడమ చేత్తో కొంగు పెట్టి తుడిచింది. ఎంత రావాలని అడిగింది. చెప్పాను. ముల్లుకి ఎదురుగా వంగి కూర్చుంది. నేను లాగాను.

ఇరవై.

ఇరవై.

ఇరవై.

ఇరవై.

ఇరవై.

నాతో ఇంకో మాట మాట్లాడలేదు. బండి ఎక్కింది.