ప్రెసిడెంటుగారి కోసం ప్రార్థన

వాషింగ్టన్, 1862 ఆగస్టు

ప్రియమైన తమ్ముడు లూషస్‌కి,

నిన్నటి పొద్దు మామూలు పొద్దే. అమ్మ తెల్లవారకముందే లేచింది. ఏప్రిల్లో ఈ ఊరి బానిసలకు విడుదల వచ్చినప్పటి నుంచీ అంతే. "ఎవరూ లేపకుండా లేవడంలో రుచి నీకేం తెలుసే" అంటుంది. మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది. మీ బావ ఎనాక్ గుమ్మం ముందు బండికి గుర్రాన్ని కడుతున్నాడు. నేను పేపరు పైకి చదివాను. లింకన్ గారు మనవాళ్ళలో కొందరిని పిలిపించి, తెల్లవాళ్ళూ మనమూ విడిగా ఉంటేనే మంచిది, మధ్య అమెరికా వెళ్ళి స్థిరపడండి అన్నారట.

అమ్మ రొట్టె తిరగేస్తూ, "ఆయన ఇల్లినాయ్ నుంచి నిన్నగాక మొన్న వచ్చాడు. నేను డెబ్బై ఏళ్ళుగా ఇక్కడున్నా. ఎవరు ఎవర్ని పొమ్మనాలి?" అంది. ఎనాక్ నవ్వు ఆపుకోలేక కళ్ళెం వదిలేశాడు.

నీ కోపం నాకు తెలుసు. తొందరపడకు. ఆయన కోసం ప్రార్థిస్తున్నాను.

నీ అక్క,
కెటూరా

ఫిలడెల్ఫియా, సెప్టెంబరు

ప్రియమైన అక్కకి,

తొందరపడ్డాను. హైతీ ఓడకి నా పేరు, నీ మరదలు టబిథా పేరు, పిల్లల పేర్లు ఇచ్చేశాను. పోవాల్సే వస్తే ఆయన చెప్పిన చోటికెందుకు? హైతీలో ప్రెసిడెంటు కూడా మన రంగే.

పదవిలోకొచ్చిన రోజు, బానిసత్వం ఉన్నచోట దాని జోలికి పోనన్నాడు. ఇప్పుడు మన జోలికొచ్చాడు. ఆయన మారేలోపు నీ మోకాళ్ళు అరిగిపోతాయి. నా దుకాణానికి గడ్డం గీయించుకోను వచ్చినవాళ్ళంతా నా మాటే నిజమంటున్నారు. కత్తి నా చేతిలో ఉందనేమో.

అమ్మనీ తీసుకెళ్తాను. అడుగు.

నీ తమ్ముడు,
లూషస్

వాషింగ్టన్, సెప్టెంబరు చివర

ప్రియమైన లూషస్‌కి,

అడిగాను. "ఓడలో నా పొయ్యి పట్టదు" అంది.

వార్త చూశావా? తిరుగుబాటు మానని రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజు నుంచి బానిసలంతా స్వతంత్రులేనట. మనల్ని బయటికి పంపే మాట కూడా అదే కాగితంలో ఉంది. దాచను. సగమే మారారు. సగం కాలిన రొట్టెని పెనం మీంచి తీసేస్తామా?

జనవరి దాకా ఆగు. అక్కగా ఇదొక్కటే అడుగుతున్నాను.

ఆశీస్సులతో,
కెటూరా

ఫిలడెల్ఫియా, 1863 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకి,

ఆగాను. ప్రకటన రాగానే దుకాణంలో పైకి చదివాం. ఎంత వెతికినా మనల్ని పంపే మాట లేదు. పైగా మనవాళ్ళని సైన్యంలోకి తీసుకుంటారట. సగం ముఖం నురగతో ఓ పెద్దమనిషి లేచి కీర్తన అందుకున్నాడు. మిగతా సగం మధ్యాహ్నానికి గీశాను.

ఓడ నుంచి పేర్లు కొట్టేయించాను. అసలు మాట ఇక చెప్తా. మసాచుసెట్స్‌లో మనవాళ్ళతో సైనిక దళం కడుతున్నారు. చేరాలనుంది. "మీ అక్క ఊ అంటేనే" అంటోంది టబిథా. ఆయన్ని మార్చిందానివి నువ్వే. నువ్వే చెప్పు.

నీ మొండి తమ్ముడు,
లూషస్

వాషింగ్టన్, మార్చి

ప్రియమైన లూషస్‌కి,

ఆయన్ని మార్చింది నేను కాదు. యుద్ధమూ, దక్షిణం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళూ, అందరికంటే ముందు దేవుడూ ఉన్నారు. నిన్ను ఈ దేశంలో ఉంచమని మాత్రం దేవుణ్ణి నేనే అడిగాను. చేతికి తుపాకీ ఇచ్చి ఉంచుతాడనుకోలేదు. అందుకే జవాబు ఆలస్యమైంది.

ఈ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం.

"వద్దంటే మానతాడా?" అన్నాడు ఎనాక్.

"మానడు. మనసులో దిగులు పెట్టుకుని వెళ్తాడు. వెళ్ళమనే చెబుదాం" అంది అమ్మ.

కాబట్టి నువ్వు వెళ్ళు. టబిథా, పిల్లలు మా దగ్గరికి వస్తారు, ఎనాక్ స్టేషనుకి బండి తెస్తాడు. నీ కోసం ప్రార్థించే పని అమ్మది. ఎవరికీ ఇవ్వనంది. ప్రెసిడెంటుగారి కోసం ప్రార్థన నాకే వదిలారు. మనకు ఓటిచ్చే మాట ఆయన ఇంకా ఎత్తలేదు.

నీ అక్క,
కెటూరా