ఎత్తు మీద నిలబడే కారు

నాన్నా,

నేను క్షేమం. నువ్వు నడిపే యజమాని కారు బ్రేకు వదిలినా ఎత్తు మీద దానంతట అదే నిలబడుతోందని మొన్న ఫోనులో మురిసిపోయావు, అందుకే ఈ కార్డు రాయాల్సి వచ్చింది. ఫోనులో చెబితే “ఊఁ, ఊఁ” అంటావు గానీ వినవు. చెల్లీ, ఇది నాన్నకు గట్టిగా చదివి వినిపించు.

నిన్న మా ఆఫీసు వాలు మీద మేనేజరు గారి డ్రైవరు అచ్చం మీ యజమాని కారు లాంటిదే ఆపాడు. బ్రేకు మీంచి కాలు తీసి, “చూడండి, కట్టేసినట్టు నిలబడింది” అంటూ తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు. కారు వెనక్కి జారింది. అతను తలుపు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతుండగానే వాచ్‌మన్ కుర్చీ నుజ్జయింది. వాచ్‌మన్ అప్పుడే టీకి లేచాడు కాబట్టి బతికాడు. “నా కుర్చీ మీదే పడిందేంరా నీ కన్ను!” అని ఒకటే తిట్లు.

తర్వాత కారు పుస్తకం అడిగి చదివాను. వాలు మీద కారును ఆపే ఆ పట్టు రెండు మూడు సెకన్లేనట, బ్రేకు మీది కాలు యాక్సిలరేటరు మీదికి మార్చుకునేంత వరకే. షోరూమ్ వాడు నీకు ఈ మాట చెప్పి ఉండడు. నువ్వు హ్యాండ్‌బ్రేకు వేయకుండానే దిగి, ఎత్తు మీదున్న యజమాని ఇంటి గేటు తీస్తున్నావని నా అనుమానం. యజమాని పిల్లలతో బడి నుంచి వచ్చే చెల్లి ఆ కారులోనే ఉంటుంది. లారీ రోజుల్లో చక్రం కింద రాయి పెట్టనిదే దిగేవాడివి కాదు, ఆ భయం ఏమైంది?

అమ్మ మోకాలి నొప్పి నిజంగా తగ్గిందా, నాతో అలా అంటోందా? నా నీలం స్వెట్టరు పంపండి. నానమ్మకు దండాలు.

ఇరవయ్యో తేదీలోగా జవాబు అందాలి. చెల్లీ, నాన్న చెప్పింది కాదు, గేటు దగ్గర నువ్వు చూసింది రాసి పంపు.